కూసున్నోళ్ల పేర్లు

పోయినవి ముందు లెక్క వేస్తాను. ఇరవై మూడు లైవ్ వీడియోలు. అన్నీ కలిపితే పంతొమ్మిది గంటల చిల్లర. వాటి కింద భివండి నుంచి, సూరత్ నుంచి మా గల్లీల వాళ్లు రాసిన ఆరు వేల పైచిలుకు కామెంట్లు. నలభై ఒక్క మంది చేతిలోని పని. అందులో కొందరికి ఆర్నెల్లలో తిరిగి దొరికింది, కొందరికి దొరకనే లేదు. ఒక మగ్గం. గోడకు గోడ ఆనుకుని పాతికేళ్లు నడిచిన ఒక స్నేహం. ఇవన్నీ మూడేళ్ల కిందట పోయాయి. రెండు నెలల కిందట, ఈ లెక్కంతా ఎవరి చుట్టూ తిరిగిందో ఆ మనిషి కూడా పోయింది.

ఆమె పేరు రాయను. ఒకరి పేరు పదిమందిలో చెబితే ఏమవుతుందో ఆమెను చూసే తెలుసుకున్నాను. మా నేతపనివాళ్ల పేట కొత్తవాడలో అందరూ ఆమెను లైవ్ అక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. నాకంటే పదేళ్లు పెద్దది.

మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టడం ఆమె పని. ఇంటి ముందు అరుగు మీద రాట్నం, పక్కన రంగురంగుల నూలు చిలపలు. దారం జారీ జారీ కుడి బొటనవేలు మీద గాడి పడింది. ఆ వేలి ముద్ర ఎక్కడా పడేది కాదు. రేషన్ దుకాణంలో ప్రతి నెలా అదే తగువు. ఫోన్ తెర కూడా ఆ వేలిని గుర్తుపట్టేది కాదు. "దీనికి గూడ నా మీద నమ్మకం లేదు తమ్మీ" అంటూ ఎడమచేతి వేలితో తెరిచేది.

లైవ్ పెట్టడం ఆమెకు పెళ్లిలో వచ్చిన విద్య. భివండిలో ఉన్న చెల్లెలు రాలేకపోయిందని మేనకోడలి పెళ్లి మొత్తం ఫోన్‌లో చూపించింది. చెల్లెలితో పాటు ఆ చుట్టుపక్కల మగ్గాల మీద పనిచేసే మనవాళ్లంతా చూశారు. అప్పటినుంచి మా నాలుగు గల్లీల్లో ఎవరింట్లో పెళ్లయినా, పురుడైనా లైవ్ అక్కకు పిలుపు తప్పనిసరి. ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించి, హారతి పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకునేది. గుమ్మం పక్కన నిలబడి, వచ్చిన ప్రతి మనిషినీ పేరు పెట్టి చదివేది. పేర్లు ఇక్కడ మార్చి రాస్తున్నాను.

"ఇగో, కొమురన్న ఒచ్చిండు. కోడలు గూడ ఒచ్చింది. కూసుండుండ్రి, కూసుండుండ్రి. ఇగో మూడో గల్లీ ఎల్లమ్మ చిన్నమ్మ. మోకాలు నొప్పి ఉన్నా ఒచ్చింది, చూస్తాండ్రా?"

మా పెళ్లిళ్లలో కట్నాలు చదివించే పద్ధతి ఉంది. ఎవరు ఎంత పెట్టారో ఒకాయన మైకులో చదువుతాడు. ఆమె చదివింది డబ్బును కాదు, రాకను. ఎవరు వచ్చారో తెలిస్తేనే కదా రేపు వాళ్లింటికి మనం పోయేది అనేది. ఒకసారి ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ పేరు మరిచిపోయింది. ఆయన ఏడాదిపాటు ఆమె అరుగు ముందు నుంచి మొహం తిప్పుకుని నడిచాడు. అప్పటినుంచి ఒక్క పేరు కూడా వదలలేదు. "నా పేరెందుకక్కా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడవాళ్లు ప్రతి ఫంక్షన్లో ఉంటారు. అది మర్యాదకు అనే మాట. నిజంగా చెప్పకపోతే తెల్లారి వచ్చి నిలదీస్తారు. అందుకని అలా అన్నవాళ్ల పేరు ఆమె రెండుసార్లు చదివేది.

ఈ అలవాటుతోనే ఆమె ధర్నాకు వచ్చింది.

మా గల్లీల వెనక ఒక ఖాళీ జాగా ఉంది. రంగు అద్దిన నూలును వెదురు గెడలకు వేలాడదీసి అక్కడే ఆరబెడతాం. ఆ జాగా లేకపోతే జంపఖానాకు రంగు లేదు. ఆ జాగా మీద ఒక లీడరు కన్ను పడింది. షాపుల కాంప్లెక్స్ కడతామన్నారు. ఒక పొద్దున జేసీబీ వచ్చి రెండు వరసల గెడలు పీకేసింది. ఆ మధ్యాహ్నమే మావాళ్లు టెంటు వేసి, రిలే దీక్షకు కూర్చున్నారు. కింద పరిచింది మేం నేసిన జంపఖానానే.

మొదటి సాయంత్రం ఆమె ఫోన్ గుండెకు ఆనించుకుని వచ్చి, టెంటు గుంజ పక్కన నిలబడింది. పెళ్లిలో ఎక్కడ నిలబడుతుందో సరిగ్గా అక్కడే. "ఇగో, కొమురన్న ఒచ్చిండు, కూసున్నడు" అని మొదలుపెట్టింది. కూర్చున్నవాళ్లు నవ్వారు. దండ మెడలో వేసుకుని దీక్షలో ఉన్న ముసలాయన కూడా నవ్వాడు. "లగ్గం ఎవలది అక్కా?" అని ఎవరో అరిచారు. "జాగది. పిల్లను కాంప్లెక్సోళ్లు ఎత్కపోతాండ్రు, ఆపుతాన్నం" అంది ఆమె ఫోన్ కదలకుండా.

లెక్కలు నా పని. ఫలానా కొలత జంపఖానాకు ఏ రంగు నూలు ఎంత పడుతుందో గీతలు చూసి చెబుతాను. బడిలో నేర్చుకున్నది కాదు, నేసేవాళ్ల మధ్య కూర్చుని పట్టుబడింది. ధర్నాలో జనాన్ని కూడా అలాగే లెక్కపెట్టాను. జంపఖానా మీద ఎర్ర పట్టీలు, నీలం పట్టీలు ఉంటాయి. పట్టీకి నలుగురు కూర్చుంటారు. నిండిన పట్టీలు చూస్తే సరిపోతుంది. ఫోన్ మూలన ఇంకో అంకె ఉండేది. ఆమె ప్రతి సాయంత్రం రెండూ అడిగేది.

"తమ్మీ, చూసేటోళ్లు ఎంతమంది?"

"మూడొందల పది."

"కూసున్నోళ్లు?"

"ఇరవై ఆరు."

"బతికిచ్చిండ్రు. చూసేటోళ్లకు చాయ్ పొయ్యవల్సిన పని లేదు."

తెర మీద ఎర్ర గుండెలు పైకి తేలుతుంటే "అక్షింతలు పడతానయ్, చూడుండ్రి" అని కూర్చున్నవాళ్లకు చూపించేది. సూరత్ నుంచి ఎవరో కామెంట్లో "మేమూ మీతోనే ఉన్నం" అని రాస్తే నాతో చదివించుకుంది. విని, "ఎక్కడున్నడు మనతోని? పక్కకు జరిగి జాగ ఇద్దామంటే కనవడ్తలేడు" అంది. కానీ ఆ పేరు కూడా చదివింది. దూరం నుంచి చూసినవాడు కూడా వచ్చినట్టే లెక్క కొంత, అని నాతో వాదించింది. కొంత అంటే ఎంత అని అడిగాను. "కాలు మోపినోడు రూపాయి అయితే వాడు పది పైసలు. పది పైసలు కూడా పైసలే గదా."

ఒకరోజు వాన పట్టుకుంది. టెంటు పొట్టలో నీళ్లు నిలిచి ఒక మూల కూలింది. ఆ సాయంత్రం కూర్చున్నది ఐదుగురు. ఆమె గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని లైవ్ పెట్టింది. వెనక పీకేసిన గెడలు, బురదలో నానుతున్న నీలం నూలు, ముందు తడుస్తున్న ఐదుగురు. ఆమె ఐదు పేర్లనూ యాభై మంది ఉన్నట్టు నెమ్మదిగా, ఒక్కొక్కరి దగ్గర ఆగి చదివింది. ఆ వీడియోను పదకొండు వేల మంది చూశారు. మర్నాడు రెండు చానెళ్లవాళ్లు వచ్చారు. ఆ తర్వాత పెద్దవాళ్ల ఫోన్లు నడిచాయి. జేసీబీ వెనక్కి పోయింది. జాగా ఇప్పటికీ మాదే. నిన్న కూడా అక్కడ పసుపు నూలు ఆరుతూ ఉంది. లైవ్ వల్ల ఏం జరిగింది అని ఎవరైనా అడిగితే ఇది మొదట చెప్పాలి. దీన్ని తీసేస్తే నా లెక్క దొంగలెక్క అవుతుంది.

రెండోది ఇది.

వాన వెలిసిన మర్నాడు టెంటు నిండింది. ఆమె పక్కింటామె కూడా వచ్చింది. ఇద్దరూ వదినా మరదళ్ల వరస. ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. పక్కింట్లో మగ్గం ఆడుతుంటే ఇవతల ఈమె రాట్నం అదే తాళానికి తిరిగేది. కూర దాటేది, కబురు దాటేది. పక్కింటామె కొంగు మొహం మీదికి లాక్కుని, గుంజ చాటున చివరి పట్టీలో కూర్చుంది. లైవ్ అక్క ఫోన్ అటు తిప్పగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వదినె, నా పేరు చెప్పకు."

"ఏందే పిల్లా, నువ్వొచ్చినంక నేను చెప్పకుంటే రేపు మీ ఆయన నన్ను ఊకుంటడా?"

"కాదు వదినె, నిజంగనే. వద్దు."

"సిగ్గు జూడు దీనికి!" అని లైవ్ అక్క నవ్వింది. ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇంటిపేరుతో సహా చదివింది. "మా పక్కింటోళ్లు. మగ్గం వోళ్లు. దినాం రెండు గజాలు నేసే చెయ్యి అది. పని ఇడిసిపెట్టి ఒచ్చింది" అని, అలవాటు ప్రకారం ఇంకోసారి చదివింది. తెర మీద గుండెలు తేలాయి. పక్కింటామె కొంగు ఇంకొంచెం కిందికి దిగింది.

మా గల్లీల్లో ఎక్కువమందికి నూలు ఇచ్చేది ఒక సేటు. నూలు తెచ్చుకుని, నేసి ఇచ్చి, కూలి తీసుకుంటాం. కాంప్లెక్స్ కట్టాలనుకున్న లీడరుకూ ఈ సేటుకూ పొత్తు ఉందని తర్వాత తెలిసింది. జాగా నిలిచిన రెండు వారాలకు, నూలు కోసం ఆడవాళ్లు సేటు దుకాణానికి పోయారు. నేను కూడా రంగుల లెక్క ఇవ్వడానికి అక్కడే ఉన్నాను. గుమాస్తా ఒకామెకు నూలు తూచి ఇచ్చాడు, పక్కింటామెకు లేదన్నాడు.

"ఏం తప్పు జేసిన నేను? ఎవలన్న చెప్పిండ్రా ఏమన్న?"

గుమాస్తా తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "నేను చెప్తలేనమ్మా. మీ లైవ్ అక్కనే చెప్తాంది. ఇను" అని సౌండ్ పెంచాడు. దుకాణం నిండా ఆమె గొంతు. ఇంటిపేరు, పేరు, పక్కింటోళ్లు, మగ్గం వోళ్లు. ఆగి, ఇంకోసారి. గుమాస్తా ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. ఇరవై మూడు రోజుల వీడియోలు ముందు పెట్టుకుని, కాగితం మీద రాసుకుంటే సరిపోయింది. నలభై ఒక్క మందికి నూలు ఆగింది. పోలీసులు వెతికినా అంత వివరంగా దొరికేది కాదు. మోకాలు నొప్పి ఉన్నా వచ్చినవాళ్లెవరో కూడా అందులో ఉంది.

ఆ మధ్యాహ్నమే లైవ్ అక్క నన్ను పిలిపించింది. రాట్నం ఆపి ఉంది. ఫోన్ నా చేతికిచ్చి, "తీసెయ్ తమ్మీ. ధర్నావన్ని తీసెయ్" అంది.

"తీసేస్తే ఏం లాభం అక్కా? వాళ్ల ఫోన్లల్ల ఉన్నయి గదా."

"వాళ్ల ఫోన్లల్ల ఉంటే వాళ్ల ఇష్టం. నా ఫోన్ల ఎందుకుండాలె?"

కబురు తెలిసి, అప్పట్లో దీక్షలో కూర్చున్న కొమురన్న పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు కూడా నూలు ఆగింది. అయినా వద్దన్నాడు. "గియ్యి లేకుంటే జాగ ఉండునా? రేపు మల్ల ఒస్తే ఏం చూపిస్తం? ఉండనియ్ అక్కా."

"జాగ మిగిలింది. నేను కాదంటున్ననా? నూలు ఆగింది, అది గూడ నా నోటితోనే ఆగింది. రెండూ నావే. ఒకటి నాది, ఒకటి కాదు అంటె ఎట్ల?"

ఒక్కొక్కటి తీసేస్తూ పోయాను. తీసేముందు ప్రతిదానిలోనూ ఆ రోజు ఎంతమంది కూర్చున్నారో నాతో చెప్పించుకుంది. చూసినవాళ్ల అంకె అడగలేదు. వాన వీడియో దగ్గర మాత్రం చెయ్యి పట్టుకుని ఆపి, ఐదుగురినీ చివరిదాకా చూసింది. "మంచిగ కూసున్నరు" అంది. తర్వాత తలూపింది. సాయంత్రానికి ఆ ఫోన్ కూడా అమ్మేసి, మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే చిన్న బటన్ ఫోన్ కొనుక్కుంది.

ఆ తర్వాత ఆమె మొదలుపెట్టిన పని ఎవరూ అడిగింది కాదు. "మన పిలుపుకు ఒచ్చిండ్రు. ఇగ మనం పోవాలె" అంది. పెళ్లికి వచ్చినవాళ్లింటికి తిరిగి పోవడం ఎలాగో, అలాగే. నలభై ఒక్క ఇళ్లు. ఉత్తపుణ్యానికి పోయేది కాదు. వాళ్లింట్లో ఏదైనా ఉన్నరోజు చూసుకుని పోయేది. పురుడు, పుట్టెంటికలు, దినాలు, ఏదీ లేకపోతే జ్వరం. క్షమించమని ఎక్కడా అనలేదు. చాయ్ ఇస్తే తాగేది. తిడితే వినేది. మగ్గం ఉంటే కాసేపు కూర్చుని కండెలు చుట్టి ఇచ్చేది. తిరిగి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, "తమ్మీ, ఒకటి తీసెయ్" అనేది. నేను మనసులో ఒకటి తగ్గించుకునేవాణ్ణి.

వేరే సేట్ల దగ్గర చాలామందికి నూలు దొరికింది. కొందరు సూరత్ పోయారు. వాళ్లు పండక్కి ఇంటికి వచ్చేదాకా ఆగి, వచ్చిన రోజే పోయి కూర్చునేది. ఒకతను మగ్గం వదిలేసి, మేడారం జాతరలో బెల్లం అమ్మడానికి పోయాడని తెలిసింది. అమ్మవార్లకు బెల్లాన్నే బంగారం అని సమర్పిస్తారు కదా, ఆ నాలుగు రోజుల్లో బాగా పోతుంది. మా ఇంటివాళ్లం జాతరకు బస్సెక్కుతుంటే ఆమె కూడా ఎక్కింది.

అక్కడ ఇసక వేస్తే రాలని జనం. ఎక్కడ చూసినా బెల్లం కొట్లే. తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో అదేపనిగా చదువుతున్నారు. ఎక్కడెక్కడి ఊళ్లో, ఎవరెవరి పేర్లో. నేను ఆమెను ఆ మైకు దగ్గరికి తీసుకుపోయాను. అక్కడున్న కానిస్టేబుల్ మంచివాడు. "పేరేంది అవ్వా? ఏ ఊరు? అయిదు నిమిషాలల్ల పిలిపిస్త" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. తెరిచి, మూసుకుంది.

"ఒద్దు బిడ్డా."

"అవ్వా, గింత జనంల ఎట్ల దొరుకుతడు?"

"నడుస్త. దొరుకుతడు. ఆయన పేరు మల్ల మైకుల చదివేది లేదు."

మధ్యాహ్నం నుంచి కొట్టు కొట్టుకూ మొహాలు చూసుకుంటూ నడిచింది. నా కాళ్లు పీకాయి, ఆమె ఆగలేదు. పొద్దు వాలేవేళకు జంపన్నవాగు దారిలో ఒక కొట్టు ముందు నిలబడిపోయింది. త్రాసులో బెల్లం దిమ్మ పెడుతున్న మనిషి తల ఎత్తాడు.

"లైవ్ అక్కా! నువ్వా? ఏది, ఫోన్ ఏది? మా బంగారం గూడ జర దునియకు చూపియ్యి."

"ఫోన్ లేదయ్యా. నేనే ఒచ్చిన" అంది. అతను నవ్వాడు. కొట్టు వెనక గోనెసంచి పరిచి కూర్చోబెట్టాడు. గంటసేపు కూర్చుని, బెల్లం పొట్లాలు కట్టి ఇచ్చింది. బస్సులో కునికిపాట్లు పడుతూ, "ఒకటి తీసెయ్" అంది.

చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. గోడ అవతల ఇల్లు. అప్పటికి ఆ ఇల్లు ఖాళీ. నూలు లేని మగ్గాన్ని ఆరునెలలు చూసి చూసి, కర్ర ధరకు అమ్మేశారు. పక్కింటామె పెనిమిటి హనుమకొండలో ఒక బట్టల షాపు ముందు వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడే గది తీసుకున్నారు. లైవ్ అక్క ఆటోలో మూడుసార్లు పోయింది. మూడోసారి నేను కూడా ఉన్నాను. మేడ మీది గది. తలుపు తీయలేదు. లోపలినుంచి మాట వచ్చింది.

"వదినె, నువ్వొస్తే మల్ల పదిమందికి తెలుస్తది. పో."

కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టుగా అంది. లైవ్ అక్క మెట్ల మీద గంటసేపు కూర్చుని లేచింది. దారిలో నేనే అడిగాను, తీసెయ్యనా అని.

"మెట్ల మీద కూసుంటే కూసున్నట్టా తమ్మీ? లోపట కూసోవాలె. ఉండనియ్."

ఆ ఒకటి ఉండగానే ఆమె పోయింది. ఛాతీలో నొప్పని దవాఖానాకు తీసుకుపోతే, రెండో పొద్దుకే. పదో రోజున ఇంటి ముందు టెంటు వేసి, జంపఖానా పరిచారు. భివండి చెల్లెలికి ఈసారి కూడా రావడం కుదరలేదు. ఆమె కోసం ఇంట్లోవాళ్లు ఒక ఫోన్‌ను కుర్చీకి ఆనించి పెట్టారు. ఫోన్ చూస్తూ ఉంది, ఎవరూ ఏమీ చదవలేదు. అందులోంచి చెల్లెలి గొంతు రెండు మూడుసార్లు వచ్చింది. "ఎవలెవలు ఒచ్చిండ్రే? నాకు మొకాలు కనవడ్తలేవు. ఎవలన్న చెప్పుండ్రి." మా గల్లీల్లో ఆ పని ఇప్పుడు ఎవరూ చెయ్యరు.

అప్పుడు గేటు దగ్గర పక్కింటామె కనిపించింది. చెప్పులు విడిచింది. చివరి పట్టీ ఖాళీగా ఉన్నా అక్కడ కూర్చోలేదు. ముందుకు నడిచి వచ్చి, ఫోన్‌కు ఎదురుగా కూర్చుంది. కొంగు భుజం మీదే ఉంది.

"నేనొచ్చిన అక్కా" అని ఫోన్‌కు చెప్పింది. ఇంటిపేరు చెప్పింది, తన పేరు చెప్పింది. "మీ అక్క పక్కింటోళ్లం. మగ్గం లేదిప్పుడు. కూసున్న."

భివండి నుంచి ఏడుపు వినిపించింది. ఆమె చాలాసేపే కూర్చుంది. భోజనం చేసి, పోతూ పోతూ నా దగ్గర ఆగింది.

"అన్నా, లెక్క నీ దగ్గరున్నదంట గదా. నాదొక్కటే మిగిలిందంట."

"అవునమ్మా."

"ఇగ తీసెయ్. నేనే ఒచ్చిన గదా."

తలూపాను. ఆమె ఆటో ఎక్కి పోయింది. కానీ ఈ లెక్క నేను పెట్టింది కాదు, పెట్టిన మనిషి పద్ధతి నాకు బాగా తెలుసు. మన పిలుపుకు వచ్చినవాళ్లింటికి మనం పోవాలి. పోయి లోపల కూర్చోవాలి. హనుమకొండ గదిలో కూర్చోవాల్సింది అలాగే ఉంది. ఆ మీద, పదో రోజున పక్కింటామె ఈ ఇంటికి వచ్చి కూర్చుంది. దానికి కూడా తిరిగి పోవాలి. పోవాల్సిన మనిషి లేదు. లైవ్ అక్క లెక్క ప్రకారం ఆ రాకతో ఒకటి తగ్గదు, ఒకటి పెరుగుతుంది.

ఇప్పటికీ బాకీ రెండు.